గీకకూడని నేల

హాజీ తిజానీ కొండెక్కుతానన్నాడు. పోయిన వారం ఆ మాట వినే మన దలీలా తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసింది. పెట్టెయ్యదూ మరి! పాత సఫ్సాఫ్ ఊరిని ప్రభుత్వం ఖాళీ చేయించి, జనాన్ని కింద మైదానంలో సిమెంటు ఇళ్ళల్లోకి దింపిన రోజున, "ఈ కొండ మీద మళ్ళీ కాలు పెడితే నా పేరు తిజానీ కాదు" అని ఒట్టు పెట్టుకున్న మనిషాయన. యాభై ఏళ్ళుగా ఆ ఒట్టు తప్పలేదు. రోమన్లు కట్టి వదిలేసిన ఆ ఊరి రాళ్ళు చూడ్డానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో బస్సులు కట్టుకుని వస్తారు. ఆయన మాత్రం పెరట్లో కొండకు వీపు పెట్టి కూర్చుని కాఫీ తాగుతాడు. అలాంటివాడు, మనవడు హమ్మాది పెళ్ళి సంగతి తేల్చడానికి సీదీ నాసర్ దర్గా జాతరకు పైకే వస్తానన్నాడు.

"అవునో కాదో అక్కడే చెప్తా. సీదీ తలుపు మీద చెయ్యేసి చెప్తా" అన్నాడు.

దలీలా భయమంతా ఆ తలుపే. సీదీ నాసర్ దర్గా పచ్చ తలుపు మీద చెయ్యి పెట్టి అన్న మాటను ఆ చుట్టుపక్కల ఎవరూ వెనక్కి తీసుకోరు. అన్నవాడు కోరుకున్నా సరే, ఊరు తీసుకోనివ్వదు. అవునంటే అక్కడికక్కడే ఫాతిహా ప్రార్థన చదివేస్తారు, సగం పెళ్ళి అయిపోయినట్టే. కాదన్నాడో, హమ్మాదికీ దలీలాకీ ఈ జన్మకు రాసిపెట్టి లేనట్టే.

ఆయన కాదనడానికి ఒకటే కారణం. దలీలా లఖ్దర్ మనవరాలు. తన ఇంటి నేల కింద రోమన్ల నాటి రంగురాళ్ళ బొమ్మ ఉందని లఖ్దరే తవ్వకాల అధికారికి చూపించాడనీ, ఆ బొమ్మ కోసమే ఊరు ఊరంతా కొండ దిగాల్సి వచ్చిందనీ సఫ్సాఫ్‌లో పాలు తాగే పిల్లాడు కూడా చెప్తాడు. అవునని లఖ్దర్ ఎన్నడూ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అలాగే పోయాడు. ఆ ఇంటి పిల్లను చేసుకోవడానికి సొంత ఊళ్ళో ఎవడూ ముందుకు రాలేదు. దలీలా మేనత్తలు ముగ్గురూ దూరప్రాంతాలకు వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళకు ముందుకొచ్చినవాడు హమ్మాది, వాడేమో తిజానీ మనవడు. దేవుడికి కూడా ఒక్కోసారి తమాషా చూడాలనిపిస్తుంది కాబోలు.

ఇక జాతర రోజుకు వద్దాం.

పొద్దున్నే కొండ మీద మేకపిల్లల అరుపులు, డప్పులు, కుస్కుస్ రవ్వ ఉడికే ఆవిరి. రోమన్ నాటకశాల మెట్ల మీద ఆడవాళ్ళు దుప్పట్లు పరిచి ఉల్లిపాయలు తరుగుతున్నారు. దలీలాకు ఆ పూట కూడా పని తప్పలేదు. శిథిలాల్లోని బొమ్మల నేలలను బాగుచేసే జట్టులో ఉంది ఆ పిల్ల. చలికాలం ఆ నేలల మీద గుడ్డ పరిచి ఇసుక కప్పుతారు, వసంతం రాగానే తీస్తారు. "చేపల ఇల్లు" మీది ఇసుక నిన్ననే తీశారు. అంచు వెంట చెక్కపలక వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మెత్తటి కుంచెతో మిగిలిన ఇసుక ఊడుస్తోంది. ఆ నేల చుట్టూ తాడు ఉంటుంది, తాడు దాటి ఎవరూ లోపలికి అడుగుపెట్టకూడదు. పోయిన ఏడు ఓ పట్నం పెళ్ళిజంట ఫోటోల కోసం లోపలికి దిగబోతే దలీలా చీపురు పుచ్చుకుని గేటు దాకా తరిమింది. పెళ్ళికొడుకు బూటు ఒకటి ఇంకా కాపలాదారు గదిలోనే ఉంది.

"వచ్చేశారు" అంటూ హమ్మాది పరిగెత్తుకొచ్చాడు. పట్నానికి అద్దె వ్యాను నడిపే కుర్రాడు, ఊరికే నవ్వే మొహం. ఇవాళ ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా ఉన్నారు?"

"దారంతా ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. మా నానమ్మ కూడా అంతే. వ్యానులో ఇద్దరు ముసలాళ్ళని కాదు, రెండు బస్తాలు వేసుకొచ్చినట్టుంది."

"నువ్వు దగ్గరే ఉండు."

"ఉండి ఏం చెయ్యను? ఆయన చెయ్యి పట్టుకుని తలుపు మీంచి లాగనా?"

"లాగు. అవసరమైతే నేనూ ఓ చెయ్యేస్తా" అంది దలీలా.

అంతలో కర్ర చప్పుడు వినిపించింది. ముందు హాజీ తిజానీ, పండగ జుబ్బా, ఎర్ర టోపీ. నాలుగడుగులు వెనక ఆయన భార్య సలూహా, తెల్లటి పైబట్ట పంటితో పట్టుకుని. ఆయన దర్గా వైపు పోవడం లేదు. ఆగుతున్నాడు, ఇటు తిరుగుతున్నాడు, అటు తిరుగుతున్నాడు. దలీలాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుంచె పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుని కొండంతా తిరిగిన మనిషి ఇప్పుడు దారి తప్పాడు. ఊరు ఖాళీ చేశాక తవ్వకాలవాళ్ళు మట్టి గోడలన్నీ తీసేసి రోమన్ రాళ్ళు మాత్రం ఉంచారు మరి. ఆయన ఎరిగిన సందులూ లేవు, గోడలూ లేవు.

"ఏయ్ పిల్లా" అన్నాడు ఎవరినో పిలుస్తున్నట్టు. దగ్గరికొచ్చాక ఎవరో పోల్చుకుని మొహం ముడుచుకున్నాడు. అయినా అడగక తప్పలేదు. "మా ఇల్లు ఎక్కడ?"

"మీ ఇల్లు ఎక్కడుండేదో నాకు తెలియదు హాజీ తాతా. గోడలు లేవుగా."

"మీ తాత ఇల్లు మాత్రం తెలుసా?"

"దీన్నే అంటారు" అని దలీలా తాడు లోపలి నేల చూపించింది. "లఖ్దర్ ఇల్లని ఊళ్ళో అంటారు. మేం చేపల ఇల్లంటాం."

"ఓహో. ఊరిని మింగిన బొమ్మ ఇదేనన్నమాట" అన్నాడు ముసలాయన. "ఎంతో అనుకున్నా. దుమ్ము కొట్టుకుపోయి ఉంది."

ఆ మాటకు దలీలా ఉక్రోషం ఆపుకోలేకపోయింది. తాతను ఏమన్నా పడింది గానీ, తన నేలను అంటే పడదు.

"ఎండిన నేల అలాగే ఉంటుంది. తడిస్తే తెలుస్తుంది" అని పక్కనున్న బకెట్‌లో చెంబు ముంచి అంచు మీంచి నీళ్ళు వదిలింది.

నీళ్ళు పారిన మేర రంగులు లేచాయి. ముందు నీలం, దాని మీద వెండి పొట్టల చేపలు, తరవాత ఎనిమిది కాళ్ళ సముద్రపు జీవి, ఓ చిన్న పడవ, పడవలో వల లాగుతున్న బట్టతలవాడు. సముద్రం కనిపించని కొండ మీద ఎవడు ఎందుకు వేయించుకున్నాడో అంత సముద్రం. హాజీ కర్ర మీద రెండు చేతులూ పెట్టి వంగి చూశాడు. ఆయన చూడ్డం అదే మొదటిసారి. యాభై ఏళ్ళు తిట్టింది చూడని బొమ్మనే.

"అక్కడేమిటి, పడవ పక్కన?" అన్నాడు.

పడవ పక్కన రాళ్ళ మీద గీతలున్నాయి. వంపు తిరిగిన పొట్టి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. ఈ రెండేళ్ళలో దలీలా వాటి మీద ఎన్నిసార్లు కుంచె ఆడించిందో. పాత దెబ్బలనుకుందే తప్ప ఎన్నడూ పట్టించుకోలేదు.

"ఎవరో గీకారు. మేం కాదు, ఎప్పటివో" అంది.

ముసలాయన తల ఎత్తాడు. చుట్టూ చూశాడు. నేలకు ఓ పక్క బోర్లించిన స్తంభం తల ఒకటి పడి ఉంది, మధ్యలో తొలిచి తొట్టి చేసినది. దాని దగ్గరికి వెళ్ళి లోపలి అంచును బొటనవేలితో తడిమాడు.

"మా ఆవు ఇందులోనే నీళ్ళు తాగేది" అన్నాడు. "దీనికి ఎడంగా గుమ్మం." రెండడుగులు వేసి, రాతి గడప అరుగుదలలో పాదం పెట్టాడు. పాదం సరిగ్గా కూర్చుంది. "గుమ్మంలోకి రాగానే రొట్టెల పొయ్యి." గోడ మొదలు రాయి మీద గుండ్రటి మసి మచ్చ ఇప్పటికీ ఉంది. "మధ్యలో మట్టిగోడ. గోడకు అవతల లఖ్దర్ వాళ్ళు. గోడకు ఇవతల..."

అక్కడ ఆగిపోయాడు. దలీలా కూడా కళ్ళతో కొలుచుకుంది. ఇన్నాళ్ళూ ఒకటే గది అనుకున్నది రెండు ఇళ్ళు. రోమన్ల పెద్ద హాలుకు మధ్యలో గోడ కట్టుకుని రెండు కుటుంబాలు కాపురం చేశాయి. గోడ తీసేశాక ఏది ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు కొండెక్కలేదు, ఎక్కినా నోరు విప్పలేదు.

పడవ ఉన్నది ఇవతలి వైపు.

"ఇది మా గది" అన్నాడు హాజీ తిజానీ. "గీకింది మా గదిలో."

మైదానంలో ఈ మాటకు పెద్ద అర్థం ఉండకపోవచ్చు. సఫ్సాఫ్ కొండవాళ్ళకు అలా కాదు. పండగ ముందు ప్రతి ఇల్లాలూ తెల్లమట్టితో నేల అలికేది, పాత అలుకు మీద కొత్త అలుకు, దాని మీద మరుసటేటి అలుకు. గీకడం మాత్రం లేదు. "కిందవాళ్ళ నిద్ర చెడగొట్టకండి" అని పెద్దవాళ్ళు అనేవారు. కింద ఎవరున్నారో వాళ్ళకూ తెలియదు. గీకకూడదని మాత్రం నడక రాని పిల్లకు కూడా తెలుసు. ఎంత తెలుసంటే, దాన్ని విడిగా ఎవరికైనా చెప్పాలని ఎవరికీ తోచదు.

హాజీ దలీలా వేసుకున్న చెక్కపలక మీదే కష్టపడి కూర్చుని ఒక గీత మీద వేలు ఆనించాడు. వంపు వెంట వేలు నడిపాడు. "కొడవలి ముక్క" అని తనలో తాను అనుకున్నాడు. తరవాత మెల్లగా తల తిప్పి భార్య వైపు చూశాడు.

సలూహా మైదానపు పిల్ల. గోధుమ చేల ఊరినుంచి కోడలిగా కొండెక్కింది. అక్కడివాళ్ళు పండగకు నేల అలికే ముందు పాతదంతా కొడవలి ముక్కతో గీకి పారేస్తారు, గీకకపోతే సోమరిపోతు కోడలంటారు.

"నువ్వు రావడమే ఓ ముక్క తెచ్చుకున్నావు" అన్నాడు ఆయన. "పిడికి గుడ్డ చుట్టి."

అప్పుడే వెనక నుంచి ఓ గొంతు లేచింది. "నా మనవరాల్ని ఎవరైనా ఒక్క మాటన్నారో..." అంటూ దలీలా నానమ్మ మబ్రూకా వస్తోంది, చేతిలో ఉల్లిపాయల కత్తి అలాగే ఉంది. పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు. పలక మీద కూర్చున్న తిజానీనీ, నిలబడి ఉన్న సలూహానీ చూసి ఠక్కున ఆగింది.

"మబ్రూకా" అన్నాడు హాజీ. ఆ పేరు ఆయన నోట వచ్చి ఎంతకాలమైందో. "గీకింది ఎవరు?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలుసు."

"తెలిసినా చెప్పను. నా మొగుడు నోరు విప్పకుండా పోయాడు. ఇప్పుడు నేను విప్పితే రేపు పైకి వెళ్ళాక ఆయనకు ఏ మొహం చూపించను?"

"నేను చెప్తాను" అంది సలూహా.

పంటితో పట్టుకున్న పైబట్ట వదిలేసింది. ఆ గొంతు దలీలా వినడం అదే మొదలు. సన్నగా ఉంది కానీ వణకలేదు.

"పెళ్ళయి వచ్చాక మొదటి పండగ. అత్తగారు ఆలివ్ తోటకు వెళ్ళింది. వచ్చేలోగా నేల అద్దంలా చేసి మెప్పు పొందాలనుకున్నా. గీకుతుంటే ఓ కన్ను బయటపడింది. చేప కన్ను, నన్నే చూస్తోంది. భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. దేవుడు నా కాపురానికి కానుక పంపాడనుకున్నా. నీళ్ళు పోసి కడిగా. వెలుతురు కోసం తలుపు బార్లా తీశా." ఊపిరి తీసుకుంది. "వాకిట్లో లఖ్దర్ అన్నతో ఆ అధికారి టీ తాగుతున్నాడు. లేచి గుమ్మంలోకి వచ్చి చూశాడు. నేను ముసుగు లాక్కోవడం కూడా మరిచిపోయా, ఎంత బాగుందో చూడండి అన్నా."

ఎక్కడో డప్పులు మోగుతూనే ఉన్నాయి. హమ్మాది వచ్చి దలీలా పక్కన నిలబడ్డాడు.

"మబ్రూకా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి అత్తగారు వచ్చేలోగా మట్టి కప్పేశాం. నన్ను పుట్టింటికి తోలేస్తారని ఏడ్చా. లఖ్దర్ అన్న ఒకటే అన్నాడు. 'చూసినవాడు నా అతిథి. నా టీ తాగుతూ చూశాడు. కాబట్టి అది నా లెక్కలోదే. నువ్వు నీ పని చూసుకో తల్లీ' అన్నాడు."

హాజీ తిజానీ గీత మీంచి వేలు తీసేశాడు. "యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళు నా ఎదురుగా కూర్చుని, నేను ఆ మనిషిని తిడుతుంటే వింటూ..."

"చెప్తే మీ అమ్మ నన్ను పంపించేసేది."

"మా అమ్మ పంపించేది."

"మీరు ఆపేవారా?"

దలీలాకు ఇంతసేపూ భయపడిన దానికన్నా ఇప్పుడు ఎక్కువ భయం వేసింది. ముసలాయన చేపల వైపు తిరిగాడు. నీళ్ళు ఆరిపోతున్నాయి, రంగులు ఒక్కొక్కటే దుమ్ములోకి వెళ్ళిపోతున్నాయి.

"ఆపేవాణ్ణి కాదు" అన్నాడు చివరికి.

అబద్ధం ఆడలేదు. ఆ ఒక్క మాటకే దలీలాకు ఆయన మీద ఎన్నేళ్ళ కోపమో సగం దిగిపోయింది.

"లఖ్దర్ పోయినప్పుడు నేను రాలేదు" అన్నాడు మబ్రూకాతో.

"రాలేదు. మీ ఆవిడ వచ్చింది. దొడ్డిదారిన వచ్చి, నాతో పాటు ఏడ్చి, దొడ్డిదారినే పోయింది" అంది మబ్రూకా. ఈ ఉల్లిపాయలొకటి అంటూ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

హాజీ కర్ర ఆసరాతో లేచాడు. హమ్మాది చెయ్యి అందించబోతే వద్దన్నాడు. దర్గా వైపు నడవడం మొదలుపెట్టాడు. వెనకే అందరూ నడిచారు. నాటకశాల మెట్ల మీది ఆడవాళ్ళు తరిగేవి ఆపి లేచారు. హాజీ తిజానీ తలుపు దగ్గరికి వెళ్తున్నాడన్న కబురు ఆయన కన్నా ముందే అక్కడికి చేరింది. డప్పులు ఆగిపోయాయి. తవ్వకాల ఆఫీసు పెద్ద ఫరీదా మేడమ్ కూడా, ఎవరో చేతిలో పెట్టిన కుస్కుస్ గిన్నెతో, ఆలివ్ చెట్టు కింద నిలబడి చూస్తోంది.

దలీలా చెయ్యి హమ్మాది చేతిలో ఉంది. అంతమంది ముందు అలా పట్టుకోకూడదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ వదల్లేదు.

ముసలాయన పచ్చ తలుపు మీద అరచెయ్యి పెట్టాడు.

"నా మనవడికి లఖ్దర్ మనవరాలిని చేసుకోవాలా వద్దా అని చెప్పడానికి వచ్చాను" అన్నాడు, అందరికీ వినపడేలా. "అది చెప్పే అర్హత నాకు లేదు. లఖ్దర్ బొమ్మ చూపించలేదు. చూపించింది మా ఇల్లు. మా ఇంటి కోడలి పరువు కాపాడ్డానికి ఆయన తన ఇంటి పరువు వదులుకున్నాడు. నేను దానికి ఆయన్ని సమాధి దాకా తిట్టాను. ఇది సీదీ తలుపు మీద చెప్తున్నా, ఎవరూ మళ్ళీ అడగొద్దు." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అడిగేది మేము. చెప్పాల్సింది వాళ్ళు. మబ్రూకా, నీ పిల్లను మా ఇంటికి ఇస్తావా?"

జనంలోంచి ఓ గుసగుస లేచి అణిగిపోయింది. సలూహా మొహం మీద ముసుగు లేదు, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఒక్క క్షణంలో ఊరు లఖ్దర్ పరువు తిరిగి ఇచ్చేసింది. ఇక నానమ్మ అవుననడమే తరువాయి.

మబ్రూకా కత్తి పక్కనున్న ఆవిడకిచ్చి ముందుకు వెళ్ళింది. పొట్టి చెయ్యి చాచి తలుపు మీద, తిజానీ చేతి పక్కన పెట్టింది.

"ఇస్తాను" అంది.

ఆడవాళ్ళ గొంతుల్లోంచి ఈలల్లాంటి ఆనందపు కేకలు లేవబోయాయి. మబ్రూకా రెండో చెయ్యి ఎత్తి ఆపేసింది.

"పూర్తిగా విని అరవండి. నా మొగుడు ఆ ఇంటి గడప దాటి తల వంచుకుని కొండ దిగాడు. నా మనవరాలు అదే గడప దాటి తలెత్తుకుని లోపలికి రావాలి. పెళ్ళి కింద సిమెంటు ఇళ్ళ మధ్య కాదు. ఆ చేపల నేల మీద, తాడు లోపల, రెండు ఇళ్ళ వాళ్ళం కూర్చుని, అక్కడే భోజనాలు. అలా అయితేనే ఇస్తాను. లేకపోతే ఇవ్వను. ఇది తలుపు మీది మాట."

చెయ్యి తీసేసింది. అనేసింది కూడా. ఆ తలుపు మీద అన్న మాట వెనక్కి పోదని పాపం ఆవిడకు తెలియక కాదు, తెలిసే అంది.

ఊరంతా చప్పట్లు కొట్టింది. కొట్టనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆలివ్ చెట్టు కింది ఫరీదా మేడమ్, చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండోది దలీలా. ఆ నేల మీద పురుగును కూడా నడవనివ్వనని జీతం పుచ్చుకుంటున్నది తనే.

హమ్మాది ఆమె చెవి దగ్గర వంగి మెల్లగా అడిగాడు. "పోయినేడు ఆ పెళ్ళికొడుకుని తరిమిన చీపురు ఎక్కడ పెట్టావు?"

దలీలా జవాబు చెప్పేలోగా ఫరీదా మేడమ్ గిన్నె కింద పెట్టింది.

"దలీలా" అంది. "ఇలా రా."